అమ్మ మతిమరుపు: అమెరికా ఇంజెక్షను గురించి ఆలోచించాలా, ముందు చేయించాల్సినవి ఉన్నాయా?

తెనాలి ఆడపడుచు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మా అమ్మకు 73 ఏళ్లు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలిగా చేసి పదవీ విరమణ పొందింది. నాన్న పోయిన తర్వాత కొన్నాళ్లు తెనాలి ఇంట్లో ఒక్కతే ఉంది. ఇప్పుడు విజయవాడలో నా దగ్గర ఉంటోంది.

ఏడాదిన్నరగా మార్పు కనిపిస్తోంది. అడిగిందే అడుగుతుంది. "పెద్దవాడు ఫోను చేశాడా?" అంటుంది, చేశాడని చెబుతాను, కాఫీ గ్లాసు కింద పెట్టేలోపు మళ్లీ అదే ప్రశ్న. పొయ్యి మీద పాలు పెట్టి దేవుడి గదిలోకి వెళ్లిపోయింది, గిన్నె మాడి పొగ వచ్చాక పక్కింటివాళ్లు తలుపు కొట్టారు. కుక్కరు ఎన్ని కూతలు వేసిందని అడిగితే చెప్పలేకపోతోంది. ఇంటికి నలుగురు వస్తే కాసేపు అందరి మొహాలూ చూసి నవ్వుతుంది, తర్వాత మెల్లగా లేచి గదిలోకి వెళ్లి పడుకుంటుంది. అదే అమ్మ పద్యం ఎత్తుకుంటే ఒక్క అక్షరం పొల్లు పోకుండా చివరిదాకా చదువుతుంది. ఇదంతా చాదస్తమని చుట్టాలు కొట్టిపారేస్తున్నారు. కాదని నాకు తెలుస్తూనే ఉంది.

అమ్మకు షుగరు ఉంది, చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది. బీపీ మాత్ర ఒకరోజు వేసుకుంటే ఒకరోజు మరిచిపోతుంది. ఒక డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. ఈ రోజు ఏ వారం, ఇది ఏ నెల అని అడిగారు, మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నారు, అమ్మ సరిగ్గా చెప్పలేకపోయింది. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) మొదలైందని డోనెపెజిల్ అనే మాత్ర రాసిచ్చారు. రక్తపరీక్షలేవీ రాయలేదు. ఆ మాత్ర ఇంకా మొదలుపెట్టలేదు.

న్యూజెర్సీలో ఉన్న అన్నయ్య లెకానెమాబ్ అనే కొత్త ఇంజెక్షను వచ్చిందని, అది అల్జీమర్స్‌ను ఆపేస్తుందని, ఎంత ఖర్చయినా తానే భరిస్తానని పట్టుబడుతున్నాడు. ఇక వాట్సాప్‌లో రోజుకొకటి వస్తోంది. కొబ్బరినూనె తాగితే తగ్గుతుందట, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు అసలు రాదట, ఏదో టీకా వేయిస్తే రాదట. వీటిలో నిజంగా పరిశోధన ఉన్నది ఏది? నేను ఎక్కడ మొదలుపెట్టాలి?

డాలస్ అల్లుడు

మీ అన్నయ్యగారి తపన నాకు అర్థమవుతుంది. మా అత్తగారి విషయంలో మేమూ ఆ ఇంజెక్షను కోసమే పరిగెత్తాం. ఆమె ఇక్కడే మాతో ఉంటారు. నాకు తెలిసినంతవరకు చెబుతాను.

లెకానెమాబ్ జబ్బును ఆపదు, వేగాన్ని కొంత తగ్గిస్తుంది. మెదడులో పేరుకుపోయే అమిలాయిడ్ అనే ప్రోటీనును తొలగించడం దాని పని, ఆ పని అది నిజంగానే చేస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023 జనవరిలో తాత్కాలికంగా, జులైలో పూర్తిగా అనుమతి ఇచ్చింది. దానికి ఆధారమైన ప్రయోగంలో 1,795 మంది పాల్గొన్నారు, 18 నెలలు నడిచింది. అందరూ జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లే. "27 శాతం తగ్గింది" అని అన్ని వార్తల్లోనూ వచ్చింది కదా, దాని వెనుక ఉన్న లెక్క ఇది. 18 పాయింట్ల కొలమానం మీద మందు తీసుకోనివారు 1.66 దిగజారితే, తీసుకున్నవారు 1.21 దిగజారారు. తేడా 0.45. ఇంత తేడా ఇంట్లోవాళ్ల కంటికి ఆనుతుందా అన్నదాని మీద నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదు. నా మటుకు, తొలిదశలో ఉన్న మనిషికి ఆ కొద్దిపాటి కాలం కూడా విలువైనదే అనిపిస్తుంది. కానీ దానికి చెల్లించే మూల్యం డబ్బు ఒక్కటే కాదు.

నరం ద్వారా ఎక్కించే పద్ధతిలో మొదట్లో రెండు వారాలకొకసారి ఆసుపత్రికి వెళ్లాలి. అంతకంటే ముందు మెదడులో అమిలాయిడ్ ఉందని పెట్ స్కాన్‌తోనో వెన్నులో నీరు తీసో నిర్ధారించుకోవాలి. మొదటి నెలల్లో మళ్లీ మళ్లీ ఎమ్మారై తీస్తారు, ఎందుకంటే కొందరికి మెదడులో వాపు గానీ చిన్న చిన్న రక్తస్రావాలు గానీ వస్తాయి. ఆ ప్రయోగంలో వాపు కనిపించినవారు 12.6 శాతం. చాలామందికి బయటికి ఏ లక్షణమూ ఉండదు, కొద్దిమందికి మాత్రం ప్రాణం మీదకు వస్తుంది. ఏపీఓఈ4 అనే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులుగా వచ్చినవారికి ఈ ప్రమాదం బాగా ఎక్కువ.

మా అత్తగారికి గుండె లయ సరిగ్గా లేదు, రక్తం గడ్డకట్టకుండా మాత్ర వాడుతున్నారు. అది విన్న వెంటనే ఇక్కడి న్యూరాలజిస్టు కాగితాలు పక్కన పెట్టి, ఆమెకు ఇది ఇవ్వడం శ్రేయస్కరం కాదని చెప్పారు. మా ఆవిడ ఆ గదిలోనే ఏడ్చేసింది. కాబట్టి మీ అన్నయ్యగారికి ముందు ఒక్క మాట చెప్పండి: డిమెన్షియాకు కారణాలు చాలా ఉంటాయి, అల్జీమర్స్ వాటిలో ఒకటి, అమ్మకు ఉన్నది అదేనని ఇంకా ఎవరూ తేల్చలేదు. అది తేలకుండా ఈ మందు ఊసే లేదు.

చెవి పరీక్షల అక్క

అమ్మా, మీరు రాసినదాంట్లో నన్ను ఆపేసింది పాలగిన్నె కాదు. కుక్కరు కూతలు, నలుగురిలో నవ్వి ఊరుకోవడం, లేచి గదిలోకి వెళ్లిపోవడం. హైదరాబాదులో చెవి పరీక్షలు చేస్తూనే నా ఉద్యోగ జీవితం గడిచింది. ఈ మూడూ ఒకే నోట విన్నానంటే నేను అడిగే మొదటి మాట: అమ్మ చెవులు ఎప్పుడు చూపించారు?

వయసుతో వచ్చే వినికిడి లోపం అన్ని ధ్వనులనూ సమానంగా తగ్గించదు. సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులు ముందు పోతాయి. అచ్చులు నిక్షేపంగా వినిపిస్తాయి, స, శ, క, త, ప వంటి హల్లులు జారిపోతాయి. పత్తి అన్నా కత్తి అన్నా ఒకటే. అందుకే పెద్దవాళ్లు "వినబడుతోందమ్మా, ఏమంటున్నారో తెలియడం లేదు" అంటారు. మనం గట్టిగా అరుస్తాం, అరిస్తే అచ్చులే ఇంకా పెద్దవవుతాయి, మాట తెలియదు, పైగా మనం విసుక్కున్నామని వాళ్లు నొచ్చుకుంటారు.

ఇప్పుడు ఆ మూడు మాటల పరీక్ష సంగతి. ఒక పెద్దావిడను జ్ఞాపకశక్తి పరీక్ష జరుగుతుండగా పక్కన కూర్చుని చూశాను. "తోట, కుర్చీ, పాలు" అని చెప్పి గుర్తుపెట్టుకోమన్నారు. ఆమె వెంటనే "కోట, కుర్చీ, కాలు" అని పెదవుల్లో అనుకున్నారు, పరీక్ష చేసేవారు తల వంచి రాసుకుంటున్నారు. కాసేపటి తర్వాత అడిగితే "కోట, కుర్చీ, కాలు" అని స్పష్టంగా చెప్పారు. కాగితం మీద మూడుకి ఒకటి పడింది. ఆమె జ్ఞాపకం ఎక్కడా జారలేదు, తాను విన్నదాన్ని తు.చ. తప్పకుండా అప్పజెప్పారు. పద్యం పొల్లు పోకుండా చదివే మీ అమ్మగారు ఆ మూడు మాటలు సరిగ్గా విన్నారో లేదో మీకు తెలుసా? పాత పద్యాలు గుర్తుండటం డిమెన్షియా లేదనడానికి సాక్ష్యం కాదు, పాతవి ఆఖరుకు పోతాయి. అయినా వినని మాటను మరిచిపోయిందని రాయడం అన్యాయం.

అలాగని చెవి మిషను పెడితే మతిమరుపు పోతుందని నేను చెప్పను. దాని మీద జరిగిన పెద్ద ప్రయోగం పేరు అచీవ్. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ లిన్ బృందం చేసింది, 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 70 నుంచి 84 ఏళ్ల వయసున్న 977 మందిని తీసుకుని, కొందరికి వినికిడి యంత్రాలూ వాటికి కావలసిన శిక్షణా ఇచ్చారు, కొందరికి ఆరోగ్య పాఠాలు చెప్పారు, మూడేళ్లు చూశారు. మొత్తం మీద రెండు గుంపులకూ తేడా రాలేదు. కానీ అందులో 238 మంది గుండె జబ్బుల మీద ఎప్పటి నుంచో నడుస్తున్న మరో అధ్యయనం నుంచి వచ్చినవారు, వయసులో పెద్దవారు, బీపీ, షుగరు వంటివి ఎక్కువగా ఉన్నవారు. వారిలో మాత్రం ఆలోచనాశక్తి క్షీణించే వేగం 48 శాతం తగ్గింది. వయసు, షుగరు, బీపీ చూస్తే మీ అమ్మగారు ఆ 238 మందికే దగ్గర. కాకపోతే ఆ ప్రయోగంలో చేరేనాటికి ఎవరికీ డిమెన్షియా లేదు, అది మరిచిపోవద్దు.

వినికిడి లోపం జ్ఞాపకాన్ని ఎలా దెబ్బతీస్తుందంటే, నిపుణుల ఊహ ఇది: మాట సగమే చెవిలో పడినప్పుడు మిగతా సగం ఊహించడానికే మెదడు అలిసిపోతుంది, గుర్తుపెట్టుకోవడానికి శక్తి మిగలదు. మనుషుల మధ్య నుంచి తప్పుకోవడం రెండో దెబ్బ. 2024లో ఆ పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల బృందం, అంటే లాన్సెట్ కమిషను, మార్చుకోగలిగిన 14 కారణాలను లెక్కగట్టింది, అవన్నీ తొలగించగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో 45 శాతం వరకు రాకుండానో ఆలస్యంగానో చేయవచ్చంది. వాటిలో వినికిడి లోపం వాటా 7 శాతం, చెడు కొలెస్టరాల్ వాటా అంతే, ఒంటరితనానికి 5 శాతం. చూపు మందగించడాన్ని కూడా కొత్తగా చేర్చారు. కాబట్టి కంట్లో శుక్లాలున్నాయేమో కూడా చూపించండి.

ఇక చెవులు నా పని గనుక చెవుల గురించే చెప్పి వదిలేస్తే తప్పవుతుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గుతుంది, శాకాహారులైతే మరీను. బి12 లోపం మతిమరుపు తెస్తుంది, అది సరిచేయగలిగినది. థైరాయిడ్ కూడా అంతే. నాన్నగారు పోయిన తర్వాత అమ్మ ఒంటరిగా ఉందన్నారు, పెద్దవయసులో వచ్చే దిగులు జబ్బు అచ్చం డిమెన్షియాలా కనిపిస్తుంది, ఏడవరు, కళ్లనీళ్లు పెట్టరు, దేని మీదా మనసు పెట్టరు. ఈమధ్య ఎప్పుడైనా పడ్డారా? తలకు తగిలిన చిన్న దెబ్బకు కూడా పెద్దవాళ్లలో వారాల తరబడి మెల్లగా రక్తం చేరవచ్చు, స్కాన్ తీస్తే తెలుస్తుంది. నిద్రమాత్రలు, జలుబుకు దుకాణంలో కొనే మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, నొప్పులకు రాసే అమిట్రిప్టిలిన్, ఇవన్నీ ముసలివాళ్ల బుర్రను మసకబారుస్తాయి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు ముందు గుమ్మరించండి.

డోనెపెజిల్ విషయం ఇక్కడ తేల్చేది కాదు, న్యూరాలజిస్టును అడగాలి. అది జబ్బును మార్చదు, కొందరికి లక్షణాలు కొంత మెరుగవుతాయి, నాడి వేగం తగ్గించగలదు గనుక మొదలుపెట్టేముందు ఈసీజీ తీయమని అడగండి. జ్ఞాపకశక్తి పరీక్షలు తెలుగులోనే చేయమనండి. భారత వైద్య పరిశోధన మండలి తయారు చేయించిన పరీక్షల సంపుటి తెలుగులో కూడా ఉంది. చెవి పరీక్ష మాత్రం దానికంటే ముందే జరగాలి.

లెక్కల మాస్టారు, హనుమకొండ

అక్కగారు చెప్పినదానికి జోడించేది పెద్దగా లేదు. రెండు భాషలు, టీకా అన్నారు కదా, వాటి వెనుక నిజమైన పరిశోధనే ఉంది. అయితే రెండూ ఒక తరగతివి కావు.

రెండు భాషల అధ్యయనం మన హైదరాబాదుదే. నిమ్స్ ఆసుపత్రి జ్ఞాపకశక్తి క్లినిక్కులో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం చేసింది, 2013లో న్యూరాలజీ పత్రికలో వచ్చింది. 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూశారు, వారిలో 391 మంది రెండో భాష వచ్చినవారు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిషు కలగలిసి మాట్లాడే ఊరు కదా. ఒకే భాష వచ్చినవారికి సగటున 61.1 ఏళ్లకు లక్షణాలు మొదలైతే, రెండు భాషలవారికి 65.6 ఏళ్లకు మొదలయ్యాయి. చదువు రాని వారిలో కూడా ఆ తేడా కనిపించింది, అందుకే ప్రపంచమంతా దాని గురించి మాట్లాడుకుంది. మన నగరం నుంచి వచ్చిన పరిశోధన అని నాకు గర్వమే. అయినా గమనించండి, వీరంతా జబ్బు వచ్చి ఆసుపత్రికి వెళ్లినవాళ్లు. వచ్చిందన్నమాట. "రాదు" అని ఆ అధ్యయనం ఎక్కడా అనలేదు, ఆలస్యంగా వచ్చిందని మాత్రమే అంది. ఆరోగ్యంగా ఉన్నవారిని ఏళ్ల తరబడి గమనించిన న్యూయార్కు అధ్యయనం ఒకదానిలో అలాంటి రక్షణ కనిపించలేదు.

టీకా సంగతి నాకు మరింత నమ్మకంగా ఉంది, ఎందుకంటే అక్కడ లెక్క అందంగా కుదిరింది. సర్పి రాకుండా వేసే షింగిల్స్ టీకా అది. మామూలుగా టీకా వేయించుకునేవాళ్లు ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లు, నడుస్తారు, మాత్రలు వేళకు వేసుకుంటారు, కాబట్టి లాభం టీకాదో ఆ శ్రద్ధదో విడదీయలేం. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2013 సెప్టెంబరులో ఆ టీకా మొదలుపెట్టినప్పుడు ఒక గీత గీశారు: 1933 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి టీకా, అంతకుముందు పుట్టినవారికి ఎప్పటికీ లేదు. ఆ గీతకు వారం ఇటు పుట్టినవారికీ వారం అటు పుట్టినవారికీ తిండిలో, చదువులో, అలవాట్లలో తేడా ఏముంటుంది? ఒకవైపు దాదాపు ఎవరూ వేయించుకోలేదు, ఇంకోవైపు సగానికి దగ్గరగా వేయించుకున్నారు. ఏడేళ్ల తర్వాత చూస్తే టీకా వేయించుకోవడం వల్ల డిమెన్షియా నిర్ధారణ అయ్యే అవకాశం సుమారు 20 శాతం తగ్గిందని తేలింది. స్టాన్‌ఫోర్డ్ పరిశోధకుల ఈ పత్రం 2025 ఏప్రిల్‌లో నేచర్‌లో వచ్చింది. ఆడవారిలో ఫలితం ఎక్కువగా కనిపించింది. అప్పుడు వాడినది పాత రకం టీకా, ఇప్పుడు వేసేది వేరు రకం. సర్పి నొప్పి నుంచి కాపాడుకోవడానికే అయినా ఆ వయసులో డాక్టరుతో మాట్లాడి వేయించడం మంచిదే. ఇప్పటికే మొదలైన మతిమరుపుకు అది చికిత్స అని మాత్రం ఆ పరిశోధన చెప్పలేదు. కొబ్బరినూనె గురించి రాయడానికి ఏమీ లేదు, ఇంత గట్టి ప్రయోగం దాని వెనుక లేదు.

బీపీ మాత్ర గురించి ఎవరూ గట్టిగా అనలేదు, నేను అంటాను. అమెరికాలో 9,361 మందితో జరిగిన స్ప్రింట్ ప్రయోగంలో పై బీపీని 120 కంటే కిందకు దించినవారిలో, 140 లోపు ఉంచినవారితో పోలిస్తే, డిమెన్షియాకు ముందుమెట్టు లాంటి మతిమరుపు 19 శాతం తక్కువగా వచ్చింది. ఆ మాత్ర అమ్మ చేతికి వదిలేయకుండా మీరే ఇవ్వండి. ఎంతకు దించాలో డాక్టరు చెప్పాలి, కళ్లు తిరిగి పడితే అసలుకే మోసం.

తెనాలి ఆడపడుచు

అందరికీ ధన్యవాదాలు. పరీక్షలు చేయించాను. బి12 బాగా తక్కువగా వచ్చింది, 148. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. థైరాయిడ్ మామూలుగా ఉంది. స్కానులో రక్తం చేరలేదు, మెదడు వయసుకు కొంచెం ఎక్కువ కుంచించుకుపోయిందన్నారు. చెవుల్లో ముందు గుబిలి తీశారు, తర్వాత పరీక్షలో రెండు చెవుల్లోనూ ఒక మోస్తరు లోపం ఉందని తేలింది. అక్కగారు చెప్పినట్టే సన్నని ధ్వనుల దగ్గర గీత కిందకు పడిపోయింది. ఆ కాగితం ఫొటో తీసి అన్నయ్యకు పంపాను. ఇంజెక్షను మాట ఆపి, చెవి మిషనుకు డబ్బు పంపాడు.

మిషను వచ్చింది. నలుగురిలో కూర్చుంటోంది, అది నిజం. కానీ "పెద్దవాడు ఫోను చేశాడా?" మాత్రం పోలేదు. కొత్త న్యూరాలజిస్టు తెలుగులో పూర్తి పరీక్ష పెట్టారు, ఇది బి12 ఒక్కటే కాదేమో అంటున్నారు, కొన్ని నెలల తర్వాత మళ్లీ చూస్తామన్నారు. నాకు భయంగానే ఉంది. ఇంకో కష్టం, మధ్యాహ్నానికల్లా మిషను తీసి బీరువాలో పెట్టేస్తోంది. గిన్నెల చప్పుడు తలలో మోగుతోందట. ఏం చేయను?

చెవి పరీక్షల అక్క

భయం ఉంటుందమ్మా. మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. ఇంతమంది ఇళ్లలో ఎవరో ఒకరు మీలాగే రాత్రిళ్లు మేలుకుని ఉంటారు. అల్జీమర్స్ సంఘానికి హైదరాబాదు శాఖ ఉంది. 14567 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ వృద్ధుల సహాయవాణి పలుకుతుంది. అమ్మ సంరక్షణ మొత్తం మీ ఒక్కరి భుజం మీదే వేసుకోకండి.

ఆ ప్రశ్నకు "ఇందాకే చెప్పాను కదా" అనకండి. ఒక పలక మీద పెద్ద అక్షరాలతో "పెద్దవాడు ఈ రోజు ఉదయం ఫోను చేశాడు" అని రాసి ఎదురుగా పెట్టండి. పంతులమ్మగారు గనుక చదువుతారు.

మిషను తీసేయడం మామూలే. ఏళ్ల తరబడి వినని చప్పుళ్లు ఒక్కసారిగా చెవిలో పడితే ఎవరికైనా అలాగే ఉంటుంది. మొదట ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్న వేళ ఒకటి రెండు గంటలు పెట్టండి, గిన్నెలు తోమే వేళ తీసేయనివ్వండి. మెల్లగా సమయం పెంచండి. మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చుని, మీ మొహం మీద వెలుగు పడేలా, టీవీ కట్టేసి మాట్లాడండి. మిషను అమ్మినవారి దగ్గరకు తిరిగి వెళ్లి గట్టి చప్పుళ్ల హద్దు తగ్గించమని అడగండి, కంప్యూటర్‌కు తగిలించి సరిచేస్తారు, దానికి మళ్లీ మళ్లీ వెళ్లాల్సి వస్తుంది, విసుగు పడవద్దు.

ఇది చదువుతున్నవారిలో మిషను కొనే స్తోమత లేనివారు ఉంటే, 2017లో నెల్లూరులో మొదలుపెట్టిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేద వృద్ధులకు వినికిడి యంత్రాలు ఉచితంగా ఇస్తారు. జిల్లా వయోవృద్ధుల సంక్షేమ కార్యాలయంలో అడగండి.

తెనాలి అమ్మాయీ, ఈసారి మిషను సరిచేయించడానికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఎవరి మాట అమ్మకు అందడం కష్టంగా ఉందో వారిని వెంట తీసుకెళ్లండి. చిన్నపిల్లలైతే మరీ మంచిది, వాళ్ల గొంతు సన్నగా ఉంటుంది. వాళ్ల చేత అక్కడే మాట్లాడిస్తూ సరిచేయించండి.